కరుణాకుమారి సంఘం డబ్బా

ఎలిశబెతు బియ్యం ఏరి గిన్నెలో పోసిందో లేదో, అత్త కరుణాకుమారి చెయ్యి అందులోకి దిగింది. వణికే వేళ్ళతోనే నిండు పిడికెడు తీసి, గూట్లోని పాత బిస్కెట్ల డబ్బాలో వేసింది. వండే ముందు పూటకో పిడికెడు సంఘానికి. నెలకోసారి చర్చిలో అందరి బియ్యం కలిపి లేనివాళ్ళ ఇళ్ళకు పంచుతారు.

"ఇంట్లో ఎన్ని గింజలుండాయో చూసినావా అత్తా?"

"ఇచ్చేవాడు ఆయన. మనం చెయ్యి ముడుచుకుంటే ఎట్టమే?"

ఎలిశబెతుకు ఒళ్ళు మండింది. తనకు మాలిన ధర్మం! గుంటల్లో రొయ్యలకు తెగులొచ్చి, కోట ఊళ్ళో రొయ్యలు ఒలిచే షెడ్డు వారానికి మూడు రోజులే తెరుస్తున్నారు. ఆ సంగతి ఇచ్చేవాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. అందుకే నెల రోజులుగా, అత్త ముసుగేసుకుని ప్రార్థనకు కూర్చోగానే ఆ పిడికెడు మళ్ళీ బియ్యం కుండలోకే వచ్చేస్తోంది. ఈ రోజు మాత్రం అన్నం వార్చేసరికే షెడ్డు ఆటో హారన్ కొట్టింది. డబ్బా సంగతి మరిచిపోయి పరిగెత్తింది.

"రేపు బియ్యం కలిపే ఆదివారం. డబ్బా నేనే మోసుకుపోతా," అంది అత్త వెనక నుంచి.

పగలంతా ఐసు నీళ్ళలో నిలబడి రొయ్యల తలలు తుంచింది ఎలిశబెతు. భర్త పోయినప్పటి నుంచీ, ఆరేళ్ళుగా ఇదే పని. గోళ్ళు నాని తెల్లబడ్డాయి, ముళ్ళు గుచ్చుకుని వేళ్ళు వాచాయి. రేపు నలుగురిలో మూత తీస్తే ఖాళీ డబ్బా! దేవుడి మీద కోపం, అత్త మీద కోపం, అందరికంటే తన మీద కోపం. పక్కింటి చెంచులక్ష్మిని అడిగి నాలుగు సోలలు బదులు తెచ్చి నింపాలనుకుంది.

సాయంత్రం ఆటో దిగేసరికి చెంచులక్ష్మి ఎలిశబెతు గుమ్మంలోనే నిలబడి ఉంది.

"అన్నం తిని పడుకునింది. లేపితే లేవలా ఎలిశబెతూ."

కరుణాకుమారి చాప మీద గోడవైపు తిరిగి ఉంది. తిన్న కంచం కడిగి బోర్లించి ఉంది.

"డబ్బాలో బియ్యం నేనే తీసేసినాను చెంచులక్ష్మీ," అంది ఎలిశబెతు ఏడుస్తూ. "ఆ మాట నేను చెప్పకముందే పోయింది."

"తెలియకేం? పోయిన వారమే నాతో అనింది. డబ్బా తేలిగ్గా ఉంది, కోడలు తీసుకుంటా ఉంది, లేనోళ్ళకే గదా ఆ బియ్యం, చేరాల్సిన చోటికే చేరతా ఉండాయి, ఆయన ఇచ్చినాడు చాలు అని. నలుగురిలో నీకు సిగ్గు గాకూడదనే రేపు తనే పోతానన్నది."

"ఒక్క మాట నాతో అనుంటే ఏం పోయింది ముసలిదానికి!" అని అరిచింది ఎలిశబెతు. అరిచి, నీచు వాసన వదలని చేతులతోనే అత్త పాదాలు పట్టుకుంది.

జనం చేరారు. ఎవరో గూట్లో అగ్గిపెట్టె కోసం వెతుకుతూ డబ్బా మూత తీసి పక్కన పెట్టారు. అడుగున ఆ పొద్దుటి పిడికెడు బియ్యం అలాగే ఉన్నాయి.