కూర్మారావు తెరవని పేజీ

నేనొక డిశ్చార్జి పుస్తకాన్ని. సైన్యం ఒక మనిషిని ఇంటికి పంపేటప్పుడు అతని చేతిలో పెట్టే పుస్తకాన్ని. ముదురు ఎరుపు రెక్సిన్ అట్ట, ఇరవై నాలుగు పేజీలు, వెనక అట్టకు కాగితాలు దూర్చుకునే చిన్న జేబు. అచ్చాఫీసులో నాలాంటివాళ్లం వేలమందిమి ఒక్కలా పుట్టాం, ఒళ్లంతా ఖాళీ గీతలతో. రికార్డు ఆఫీసులో ఒక హెడ్ క్లర్కు దగ్గుకుంటూ పచ్చ సిరాతో నన్ను నింపాడు. ఎత్తు, ఛాతీ కొలత, కుడి చెవి కింద పుట్టుమచ్చ, చేరిన రోజు, వెళ్లిపోయిన రోజు. ఒక మనిషి పన్నెండేళ్ల సర్వీసును నాలో సర్దడానికి అతనికి అరపూట పట్టింది. అందులోనే రెండుసార్లు టీ తాగాడు.

పదిహేడో పేజీ దగ్గర మాత్రం ఆగాడు. ఎందుకు పంపేస్తున్నారో రాసే పేజీ అది. గాయం మీద జరిగిన విచారణ కాగితాన్ని రెండుసార్లు చదివి, సారాంశం రాసి, ఆ కాగితాన్ని మడిచి నా వెనక జేబులో పెట్టాడు.

నాలో రాసిన మనిషి పేరు దుంగ కూర్మారావు. శ్రీకాకుళం జిల్లావాడు. చంకకర్రల మీద వచ్చి, క్లర్కు వేలు పెట్టిన చోటల్లా సంతకం పెట్టి, ఒక్క పేజీ కూడా తిప్పకుండా నన్ను సంచిలో వేసుకున్నాడు. రైలుకు వేళయిందేమో అనుకున్నాను. రైలెక్కి రెండు రోజులు కూర్చున్నా నన్ను తెరవలేదు. అప్పుడు తెలిసింది, అది తొందర కాదు, భయం.

అతని భయానికి కారణం ఇది. ఎత్తైన మంచు కొండమీద ఒక కాపలా గుడారంలో కూర్మారావు, కర్నూలు జిల్లా నుంచి వచ్చిన మద్దిలేటి, ఇద్దరే ఉన్నారు. మంచు తుఫాను పట్టుకుని రెండు రోజులు వదల్లేదు. కిరసనాయిలు స్టవ్వు ఆరకుండా ఇద్దరూ వంతులవారీగా కూర్చున్నారు. స్టవ్వు ముందు తాను కూర్చోవడం కూర్మారావుకు గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది కళ్లు తెరవడమే. స్టవ్వు చల్లగా ఉంది. మద్దిలేటి పక్కకు ఒరిగి ఉన్నాడు. తన ఎడమ పాదం తనది కానట్టుంది. హెలికాప్టర్ వచ్చింది. ఇతనికి పాదం ముందు సగం పోయింది, మద్దిలేటికి కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. ఆస్పత్రిలో జ్వరంలో ఉండగా ఎవరో అధికారి అడిగితే, నేను నిద్రపోయాను సార్, అన్నాడు కూర్మారావు. ఆ మాటే పదిహేడో పేజీలో ఎక్కి ఉంటుందని అతని నమ్మకం. కాపలాలో నిద్రపోయి తోటివాడి చెయ్యి పోగొట్టినవాడు అని.

నాలో ఏముందో నాకు తెలుసు. చెప్పడానికే నోరు లేదు.

ఆమదాలవలస స్టేషన్లో దిగగానే అతని మేనమామ, గుండు తగిలిందా అల్లుడూ, అని అడిగాడు. కూర్మారావు తల ఊపాడు. మనుషులకు ఆ ఒక్క ఊపు చాలు, మిగతాది వాళ్లే అల్లుకుంటారు. నెల తిరిగేసరికి ఆ గుండు ఏ కొండ మీంచి వచ్చిందో, ఎంత చప్పుడు చేసిందో కూడా జనం చెప్పేశారు. తర్వాత పెళ్లి చేసుకున్న దమయంతికి కూడా అదే కథ అందింది. ఆమె ఆ పాదాన్ని రోజూ వేణ్నీళ్లతో కడిగి, పగుళ్లకు కొబ్బరినూనె రాసేది. ఆమె కడుగుతున్నంతసేపూ అతను గోడకేసి చూసేవాడు.

పదకొండేళ్లు గడిచాయి. ఇద్దరాడపిల్లలు పుట్టారు. కూర్మారావు రైస్ మిల్లు గేటు దగ్గర కాపలా పనిలో ఉన్నాడు. అద్దె పోర్షన్ ఇంటాయన తన కొడుకు పెళ్లి కుదిరిందని, రెండు నెలల్లో ఖాళీ చెయ్యమన్నాడు. అదే వారం రైల్వే గేటు దగ్గర రెండు గదుల ఇల్లు అమ్మకానికి ఉందని దమయంతికి తెలిసింది. పెరట్లో చేతిపంపు, మీద రేకులు కాదు, శ్లాబు. బ్యాంకు వాళ్లు అప్పిస్తామన్నారు. కానీ వాయిదాలు కడితే జీతం, పెన్షను కలిపినా బియ్యానికి కూడా మిగలదు. ఉద్యోగంలో ఒళ్లు పోగొట్టుకున్న సైనికులు ఇల్లు కొనుక్కుంటే సగం వడ్డీ సైనిక సంక్షేమ ఆఫీసు భరించే పథకం ఒకటి ఉందని బ్యాంకు మేనేజరే చెప్పాడు. డిశ్చార్జి పుస్తకం చూపించాలి. దరఖాస్తుకు ఆఖరు రోజు వచ్చే శుక్రవారం.

దమయంతి ఇంటికొచ్చి ఉత్సాహంగా చెప్పింది. చూద్దాం, అన్నాడు కూర్మారావు. మర్నాడూ చూద్దామనే అన్నాడు. మూడో రోజు ఆమె స్నానానికి వెళ్లగానే నన్ను ట్రంకు పెట్టెలోంచి తీసి, అటక మీద పాత కుక్కరు అట్టపెట్టెలో దాచాడు. కాలు సరిగా లేని మనిషి స్టూలెక్కి దిగడానికి ఎంత పాట్లు పడ్డాడో చూశాను. ఆఫీసులో అందరి ముందూ ఆ పేజీ చదువుతారు. దమయంతి వింటుంది. ఇల్లు లేకపోయినా బతకగలడు గానీ అది అతని వల్ల కాదు. అట్టపెట్టెలో రబ్బరు వాషర్ల మధ్య పడుకుని, ఒక్కసారి తెరిచి చూడరా మగడా, అనుకుంటూ నాలుగు రోజులు గడిపాను.

స్టూలు చోటు మారడం దమయంతి కనిపెట్టింది. బుధవారం పొద్దున అతను మిల్లుకు వెళ్లాక అటకెక్కి నన్ను దించింది. చీర కొంగులో చుట్టుకుని శ్రీకాకుళం బస్సెక్కింది. దారి పొడుగునా ఆమె గుండె నా అట్టకు కొట్టుకుంటూనే ఉంది. భర్త పుస్తకం ఎందుకు దాచాడో ఆమెకు అర్థం కాలేదు. నాలో ఏదో చెడ్డ మాట ఉందని మాత్రం తోచింది.

సైనిక సంక్షేమ ఆఫీసులో దరఖాస్తులు చూసే ఆయన పేరు బెండి లోకనాథం. సుబేదారుగా రిటైరై ఈ కుర్చీలోకి వచ్చినవాడు. నన్ను తెరిచే ముందు, గాయం ఎలా అయ్యిందమ్మా, అని అడిగాడు. గుండు తగిలిందండి, అంది దమయంతి. ఆయన పదిహేడో పేజీ తీశాడు. కళ్లద్దాలు సర్దుకున్నాడు. వెనక జేబులో కాగితం మడత విప్పి చదివాడు.

"ఇందులో గుండు లేదమ్మా. మంచు కొరికి పాదం పోయిందని ఉంది."

దమయంతి నన్ను వెనక్కి తీసుకోబోయింది. అబద్ధం చెప్పి దొరికిపోయానని, ఇల్లు చేజారిపోయిందని అనుకుంది. లోకనాథం నెమ్మదిగా మిగతాది చెప్పాడు. మంచైనా ఉద్యోగంలో జరిగిందే కాబట్టి పథకం వర్తిస్తుంది. స్టవ్వులో నూనె చిమ్మే సన్న రంధ్రం, జెట్టు, మూసుకుపోవడం వల్ల జరిగిందనీ, కూర్మారావు తప్పేమీ లేదనీ పై అధికారి రాసి సంతకం పెట్టాడు. దానికి మద్దిలేటి అనే అతను సాక్షి. కాకపోతే శుక్రవారంలోగా కూర్మారావు తానే వచ్చి, ఈ పుస్తకంలో ఉన్నదంతా నిజమని సంతకం చెయ్యాలి.

సాయంత్రం కూర్మారావు మిల్లునుంచి వచ్చేసరికి నేను చాప మీద ఉన్నాను. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. పిల్లల్ని పక్కింటికి పంపి దమయంతి జరిగింది చెప్పింది. కోప్పడలేదు. అతను కూలబడిపోయి, పదకొండేళ్లుగా దాచుకున్నదంతా, గుడారం, నిద్ర, మద్దిలేటి వేళ్లు, కింద చూస్తూ చెప్పేశాడు.

"ఇన్నేళ్లు నీ కాలు కడిగినాను," అంది దమయంతి. "గుండు దెబ్బయితే ఒకలాగ, మంచు దెబ్బయితే ఒకలాగ కడుగుతానేటి? అబద్ధం సెప్పినావు, అది నాకు నొప్పే. ఆ నొప్పి సంగతి తర్వాత సూద్దాం. శుక్రవారం సంతకం పెట్టు."

"పెట్టలేను. ఆ రాసిందే అబద్ధం. నా పెన్షను పోకండా మద్దిలేటి దొంగ సాక్ష్యం సెప్పుంటాడు. నాను నిద్రోయింది నిజం. ఆ సంతకంతో కొన్న ఇంట్లో నాకు నిద్ర పడతాదా?"

దమయంతి అతని ఫోన్ తీసుకుంది. రెజిమెంటు వాళ్ల వాట్సాప్ గ్రూపులో మద్దిలేటి పేరు ఆరేళ్లుగా ఉంది. రోజూ తెల్లారగానే ఏదో పువ్వు బొమ్మ పెట్టి శుభోదయం అంటాడు. కూర్మారావు చూస్తాడు, బదులివ్వడు. ఆమె ఆ పేరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోన్ను నా అట్ట మీద పెట్టింది. అవతల మోగుతుంటే కూర్మారావు లేచి వెళ్లిపోబోయాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుంది.

"ఏం కూర్మా," అంది అవతలి గొంతు. "ఇన్నేండ్లకు గుర్తొచ్చినానా?"

కూర్మారావు అడిగాడు, ఆ రోజు స్టవ్వు ఎలా ఆరిందని. అవతల మోటారు చప్పుడు వినిపిస్తోంది. మద్దిలేటి చేనులో ఉన్నట్టున్నాడు.

"నిన్ను పండుకోమన్నది నేనే గదప్పా. నీ వంతు అయిపోయినాది. కూచున్నోనివి కూచున్నట్టే ఒరిగిపోయినావు. నేను కూచున్నంక జెట్టు మూసకపాయ. పిన్నుతో పొడిస్తే రాలే. గ్లవుసు తీసి పొడిచినా, అయినా రాలే. అందుకే గదా నా వేళ్లు పోయింది. అప్పుడే నిన్ను లేపింటే నీ కాలు మిగులుతుండె. నిద్రపోతాండాడు పాపం అని లేపలే. నీకు మొగమెట్ల చూపించేదని నేనే ఫోన్ చేయల్యా."

ఆ కొసకు ఒకడు, ఈ కొసకు ఒకడు, ఒకే తప్పును ఇద్దరూ విడివిడిగా మోసుకుంటూ పదకొండేళ్లు బతికారు. మనుషులు నాలాంటి పుస్తకాలు ఎన్నో రాయించి పెట్టుకుంటారు గానీ, ఒకరినొకరు అడగడానికి మాత్రం జంకుతారు.

ఫోన్ పెట్టేశాక కూర్మారావు నన్ను ఒళ్లోకి తీసుకున్నాడు. పదిహేడో పేజీ తెరిచి, పచ్చ సిరా అక్షరాల కింద వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు. చివరి మాట దగ్గరకు వచ్చి మళ్లీ మొదటికి వెళ్లాడు. దమయంతి లేచి అన్నానికి ఎసరు పెట్టింది.

శుక్రవారం అతను సంతకం పెట్టాడు. ఆ తర్వాత ఏడు వారాలు నేను లోకనాథం గారి అలమారాలో, ఎర్ర దారం కట్టిన కట్టలో ఉన్నాను. నా కిందున్న పుస్తకం పెన్షను కోసం వచ్చింది, నా మీదున్నది కూతురి చదువు కోసం. ప్రతి ఉదయం అలమారా తలుపు కిర్రుమంటే ఇవాళ ఎవరి వంతో అని అందరం ఎదురుచూసేవాళ్లం. ఇల్లు అమ్మే ఆవిడ దగ్గరకు ఇంకెవరో బేరానికి వస్తున్నారని దమయంతి రెండుసార్లు వచ్చి చెప్పి, కళ్లు తుడుచుకుని వెళ్లింది. అద్దె ఇంటాయన గోడలకు సున్నం కూడా మొదలుపెట్టాడట. ఎనిమిదో వారం సోమవారం లోకనాథం నన్ను కట్టలోంచి తీసి, మంజూరు ఉత్తరం నా మధ్య పెట్టి, తానే బస్సెక్కి ఆమదాలవలస తెచ్చాడు. ఇటు ఏదో పనుండి వచ్చాను, అన్నాడు. పనేమీ లేదని అందరికీ తెలుసు.

ఇప్పుడు మేం రైల్వే గేటు దగ్గర ఉంటున్నాం. రైలు వెళ్లినప్పుడల్లా గోడ అలమారాలో నేనూ గ్లాసులూ కలిసి అదురుతాం. దమయంతి నొప్పి ఇంకా పూర్తిగా తీరలేదు. అప్పుడప్పుడు ఆ అబద్ధం సంగతి ఎత్తి ఒక మాట అనేస్తుంది, కూర్మారావు విని ఊరుకుంటాడు. నన్నిప్పుడు ఎవరూ దాచడం లేదు. కరెంటు బిల్లు కోసం వెతికేటప్పుడు చేతికి అడ్డొస్తే, ఇదొకటి, అనుకుంటూ పక్కకు నెట్టేస్తున్నారు.