పెళ్లిమండపంలో ఇనుప జాకీ

నేను ఒక ఇనుప జాకీని. కారు టైరు మార్చేటప్పుడు వాడే జాకీని కాదు. శ్లాబు పోసేటప్పుడు కింద ఊతంగా నిలబెడతారే, ఆ గొట్టాన్ని. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో రెండు పైపులు ఒకదానిలో ఒకటి దూర్చి, మర బిగించి నన్ను తయారుచేశారు. అప్పటినుంచీ అద్దెకు తిరగడమే నా బతుకు. ఎన్ని ఇళ్లు మోశానో! ఒక్క గృహప్రవేశానికీ పిలవలేదు. శ్లాబు గట్టిపడగానే లారీలో పడేస్తారు. గట్టిపడేదాకా ఉంచితే అదే పదివేలు.

ఆ మధ్య తెనాలి దగ్గర ఒక కల్యాణమండపానికి వెళ్లాను. యజమాని వీరభద్రరావు గారు పునాది లేవకముందే పెళ్లికి బుకింగ్ తీసుకున్నారు. సైటు ఇంజనీరు హైమవతి ఏ పని తర్వాత ఏ పని, దేనికెన్ని రోజులు, ఎంత ఖర్చు, అన్నీ రాసి గోడకు అంటించింది. ఆయన మాత్రం ముహూర్తం నుంచి వెనక్కి లెక్కేయమన్నారు. వానకు కొన్ని రోజులు వదలాలని ఆమె అంటే, "శుభమా అని పెళ్లి జరుగుతుంటే వాన మాటెందుకమ్మా?" అని విసుక్కుని ఆ రోజులు కొట్టేయించారు. వాన ఆయన మాట వినలేదు.

శ్లాబు ఆలస్యమైంది. ముహూర్తాన్ని మార్చలేరు. టైల్సు మానలేరు, రంగులు మానలేరు, లైట్లు మానలేరు. శ్లాబు నోరులేనిది కాబట్టి, అది గట్టిపడాల్సిన రోజులకే కోత పెట్టారు.

"జాకీలు తీయించమ్మా. అద్దె పెరిగిపోతోంది. టైల్సువాళ్లు బయట కూర్చున్నారు."

"ఇంకా పచ్చిగా ఉందండీ. కూలితే కింద మనుషులుంటారు."

"హాలు నాది, డబ్బు నాది. నీకేం పోయింది?"

హైమవతి కదల్లేదు. కూరగాయల బేరంలా చాలాసేపు సాగాక మధ్య వరసలో మేం కొందరం మిగిలాం. మా అద్దె ఆమె జీతంలో కోశారు.

పెళ్లిరోజు మాకు తెల్ల శాటిన్ గుడ్డ చుట్టి బంతిపూల దండలు వేశారు. స్తంభాలు బాగున్నాయంటూ జనం నా పక్కన ఫొటోలు దిగారు. పెళ్లిపీటలు కింద హాల్లో, భోజనాలు పైన డాబా మీద. ఒక్కో బంతి కూర్చుంటుంటే ఆ బరువంతా నా మరలోకి దిగేది. నాకు భయం వేసింది. ఇనుముకి భయమేమిటంటారా? మీరొచ్చి నిలబడి చూడండి.

హైమవతి పట్టుచీర కట్టుకునే వచ్చింది. అక్షతలు మాత్రం వేయలేదు. నన్ను పట్టుకుని పైకే చూస్తూ నిలబడింది. వీరభద్రరావు గారి భార్య వచ్చి "భోంచేద్దువు రామ్మా" అంటే, "ఆఖరి బంతిలో తింటానండీ" అంది. ఆమె అరచేతి చెమటకు నా గుడ్డ తడిసిపోయింది.

ఏమీ కాలేదు. జనమంతా క్షేమంగా వెళ్లిపోయారు. ఆమె కుర్చీలో కూలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది. అప్పుడే వీరభద్రరావు గారు తాంబూలం నములుతూ వచ్చారు.

"చూశావా, నిక్షేపంగా ఉంది! ఊరికే హడలగొట్టావు. పైన ఇంకో అంతస్తు వేస్తున్నాం, దానికి కూడా మాఘంలో ఒక పెళ్లి ఒప్పేసుకున్నాను. ఈసారి జాకీలు సగం చాలు."

ఇప్పుడు మమ్మల్ని అద్దెకిచ్చే యార్డులో లారీ కోసం చూస్తున్నాను. వెళ్లే సగంలో ఉన్నానో, మిగిలిపోయే సగంలో ఉన్నానో నాకింకా ఎవరూ చెప్పలేదు.