ఆరడుగుల స్వాగతం

ఓబులమ్మకు ముప్పై ఆరేళ్లు. రోజూ మధ్యాహ్నం ఉలి పక్కన పెట్టి, గడప మీద కాళ్లు బారజాపుకుని ఒక ఆకువక్క నమిలేది. అది అయ్యేదాకా ఎవరు పిలిచినా లేచేది కాదు.

ఆళ్లగడ్డ శిల్పుల వీధిలో ఆమె ఇల్లు. మొగుడు పోయి ఎనిమిదేళ్లయింది. ఆ తర్వాత బొమ్మలు చెక్కే కొట్టాన్ని మరిది మద్దిలేటి చూసుకునేవాడు. బేరాలు అతనివి, తలపాగా అతనిది, బొమ్మ అడుగున ఉండే పేరు అతనిది. బండ ఎంచడం, ముక్కూ కళ్లూ తీయడం, నున్నగా రుద్దడం ఓబులమ్మవి. అడుగున ఆ పేరు చెక్కేది కూడా ఆమే. మద్దిలేటి చెక్కితే అక్షరాలు వంకర పోయేవి.

ఓబులమ్మ చెక్కిన రాతి ఆడవాళ్లు కాళ్లు నొప్పి పుడితే కూర్చునేవాళ్లు. కోయిలకుంట్లలో ఒక లోగిట్లో దీపం పట్టుకున్న బొమ్మ శుక్రవారాలు మెట్టు మీద కూర్చునేది. ఇంటివాళ్లు పక్కకు తప్పుకుని నడిచేవాళ్లు. వెలుగోడులో కడవ బొమ్మ కడవ దించి పక్కన పెట్టుకునేది. మద్దిలేటి చెక్కినవి ఎప్పుడూ నిలబడే ఉండేవి. రాళ్లు కదా.

కర్నూలు రాజధాని అయిన రెండో ఏడు, నంద్యాలకు యాత్రికులను రప్పించడానికి ఊరి నిధిలోంచి కొంత సొమ్ము మంజూరైంది. రైలు దిగినవాళ్లు దిగినట్టే మహానంది బస్సెక్కి పోతున్నారు, ఊళ్లో ఒక పూటైనా ఆగడం లేదని పెద్దల బాధ. కమిటీ వేశారు. పత్తి మిల్లు శేషయ్య అధ్యక్షుడు. కమిటీలో పదకొండు మంది, పదకొండు మందీ మగవాళ్లే. స్టేషన్ బయట చేతులు జోడించిన రాతి ఆడది నిలబడి ఉండాలని తీర్మానించారు. ఇంటికి ఎవరొచ్చినా అలాంటిదే నిలబడి ఉండడం వాళ్లకు అలవాటు.

శేషయ్య ఆళ్లగడ్డ పోయి మద్దిలేటితో ముందే తెగేసి చెప్పాడు.

"ఆరడుగులుండల్ల. నిలబడల్ల. మీ వదిన చెయ్యి పడగూడదప్పా, కూచుంటాది."

"అంతా నా చేతి పనేనన్నా," అన్నాడు మద్దిలేటి.

నెల తిరిగేసరికి అతను చెక్కిన మొహం మీసాలు తీసేసిన హెడ్డు కానిస్టేబులులా తయారైంది. ఓబులమ్మ చూసి నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

"నవ్వొద్దు వదినా. రోంత సరిచెయ్యి. ఎవురికీ చెప్పొద్దు."

"చేస్తా. అడుగున నా పేరు పడల్ల."

"ఆడదాని పేరుంటే కమిటీవాళ్లు తీసుకుంటారా? ఈసారికి కానీ."

ఈసారికి కానీ అన్న మాట ఆమె ఎనిమిదేళ్లుగా వింటోంది. అయినా రాతిలో ఉన్న మనిషిని కానిస్టేబులుగా వదిలేయడానికి మనసొప్పలేదు. మూడు నెలలు కూర్చుని నొసలు, కనుబొమలు, నోరు విప్పబోయి ఆగిన పెదవులు తీసింది. చివర మద్దిలేటి పేరు చెక్కింది.

స్టేషన్ బయట రాతి ఆడది పన్నెండు రోజులు బుద్ధిగా నిలబడింది. పదమూడో రోజు పొద్దున, ప్రారంభానికి రెండు రోజులుందనగా, కూర్చుంది. ఒక మోకాలు పైకి ముడిచి, దాని మీద గడ్డం ఆనించి, వచ్చే పోయే రైళ్లను చూస్తోంది. పక్కనే సీతాఫలాలు అమ్మే లాల్‌బీ, ఇన్నాళ్లకు తోడు దొరికిందని తట్ట దగ్గరికి జరుపుకుంది.

కమిటీ గుమాస్తా నూర్ మహమ్మద్ టేపు పట్టి కొలిచాడు.

"నాలుగడుగులే ఉండాదన్నా. తీర్మానంలో ఆరు."

"టేపు సరిగ్గా పట్టినావా?"

"నేను సరిగ్గానే పట్టినా. ఆమే కూచునుండాది."

శేషయ్య మద్దిలేటిని పిలిపించాడు. మద్దిలేటి గదమాయించాడు, బతిమాలాడు, గడ్డపార తెప్పించాడు. గడ్డపార చూసి లాల్‌బీ లేచింది.

"ఆడమనిషిని గడ్డపారతో లేపుతావా? నీ మొహం మండ! చేసినోళ్లను పిలుచుకోనిరాపో!"

చేసినవాళ్లెవరో నంద్యాలలో అందరికీ అప్పుడే తెలిసిపోయింది. మర్నాడు పొద్దున బస్సులో ఓబులమ్మ దిగింది. బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, నూర్ మహమ్మద్‌ను కరారు కాగితం చదవమంది. శిల్పి: మద్దిలేటి.

"ఆయప్పనే లేపమనండి మరి," అంది.

"రేపు కర్నూలు నుంచి పెద్దాఫీసరు వస్తాండాడమ్మా," అన్నాడు శేషయ్య. "ఊరి పరువు పోతాది. ఏం కావల్ల నీకు?"

"అడుగున నా పేరు. మహానంది దావలో తొమ్మిది బొమ్మలు పెడ్తారంట, ఆ కరారు నా పేర్న. కూలి నా చేతికి."

"ఆడదానితో కరారా? యాడన్నా ఉందా?"

"ఆడదాన్ని నిలబెట్టి ఊరికి పేరు తెచ్చుకునేది యాడన్నా ఉందా అన్నా? ఈడ ఉంది గదా. ఆ కరారూ ఈడనే ఉంటాది."

శేషయ్య మద్దిలేటి వైపు చూశాడు. మద్దిలేటి తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

"రాసియ్యన్నా. మొహాలు నాకు రావు. ఆ సంగతి దాయలేక నా ప్రాణం పోతాంది," అన్నాడు. ఎనిమిదేళ్లలో అతని నోట ఓబులమ్మ విన్న మొదటి నిజం అదే. ఆమెకు అతని మీద జాలేసింది. శేషయ్య కొత్త కరారు మీద సంతకం చేశాకే వేసింది.

అప్పుడు రాతి ఆడదాని చెవి దగ్గర వంగింది.

"లెయ్ తల్లీ. ఆకువక్క అయిపోయింది."

రాతి ఆడది చీర కుచ్చిళ్లు దులుపుకుని లేచింది. అడుగు పీట మీద ఆమె కూర్చున్న చోట మద్దిలేటి పేరు అరిగి, పలకలా నున్నగా ఉంది. ఓబులమ్మ అక్కడే గొంతుక్కూర్చుని, తొందర లేకుండా, తన పేరు చెక్కుకుంది.

ప్రారంభం నాడు రాతి ఆడది చేతులు జోడించి ఆరడుగులూ నిలబడింది. ఆఫీసరు ప్రసంగం ముప్పావుగంట దాటేసరికి కూర్చుంది. ఆయన ఆమె వైపు చూసి, ఆగి, తనూ కూర్చున్నాడు. జనం చప్పట్లు మోగించారు.

తర్వాత రైలు దిగిన ఆడవాళ్లు మూటలు దించి ఆమె పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు. రాతి ఆడది లేస్తే చూసి పోదామని సీతాఫలం తింటూ ఉండేవాళ్లు. బస్సు పోయేది. మొగుళ్లు గొణుక్కుంటూ సత్రంలో గది వెతుక్కునేవాళ్లు. యాత్రికులు ఊళ్లో ఆగుతున్నారని కమిటీ రెండో తీర్మానంలో ఘనంగా రాసుకుంది. ఎందుకు ఆగుతున్నారో రాయలేదు.

మూడేళ్లలో ఓబులమ్మ మహానంది దారిలో తొమ్మిది రాతి ఆడవాళ్లను చెక్కింది. ఒక్కదానికీ చేతులు జోడించలేదు.