నాలుగో సాంచ

సూరత్‌లోని లింబాయత్ సందుల్లో పొద్దున ఏడింటికి షిఫ్టు మారుతుంది. సాంచలు, అంటే మరమగ్గాలు, మాత్రం ఆగవు. ఒకరు దిగితే అదే సాంచల మీదికి ఇంకొకరు ఎక్కుతారు. ఆ ఇద్దరినీ జోడీ అంటారు. ఎక్కేవాడు "ఎట్లున్నయి?" అని అడగాలి, దిగేవాడు ఏది ఎలా నడుస్తున్నదో చెప్పి వెళ్లాలి. ఈ నియమం ఏ కాగితం మీదా లేదు. అయినా ఎవరూ తప్పరు.

సోమలింగం, గంగారాం పన్నెండేళ్ల జోడీ. తెలంగాణలో ఇద్దరిదీ ఒకే ఊరు.

"మూడోది మా చెల్లె లెక్క అలిగింది, జర బుజ్జగించు బావా," అనేవాడు సోమలింగం.

"మీ చెల్లెను బుజ్జగించుడు కన్నా గిదే నయం," అని గంగారాం నవ్వేవాడు.

సొంత రాష్ట్రంలో అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి. ఓటర్లను ఊరికి తీసుకుపోవడానికి రెండు పార్టీలూ లింబాయత్‌కు బస్సులు పంపాయి. సోమలింగం ఒక బస్సు ఎక్కాడు, గంగారాం మరొకటి. పోలింగు నాడు బడి ముందర మాటామాటా పెరిగింది.

"బిర్యానీ పొట్లానికి అమ్ముడువోయినవ్!"

"మీ లీడరు మా లీడరు చెప్పులు మోసినోడే కదా!"

చొక్కాలు పట్టుకున్నారు. తిరిగి వచ్చాక మాటలు లేవు. సాంచల మధ్య ఎదురుపడితే తలలు తిప్పుకునేవారు.

ఫలితాలు వచ్చాయి. ఎవరికీ మెజారిటీ రాలేదు. ఆ మరునాడు సోమలింగం దిగే వేళకు నాలుగో సాంచలో పేక నూలును అటూ ఇటూ మోసే నాడె రెండుసార్లు గాడి తప్పి ఎగిరింది. చెప్పాలని నోరు తెరిచాడు. గంగారాం ముఖం తిప్పుకొని పోగులు సవరిస్తున్నాడు. 'వాడే చూసుకుంటడు తియ్యి' అనుకొని సోమలింగం ఇంటికి పోయి పడుకున్నాడు.

ఎనిమిదిన్నరకు నాడె ఎగిరి గంగారాం ఎడమ కంటికి తగిలింది. ఆ కంటికి ఇక చూపు రాదని డాక్టర్లు చెప్పారు.

నాలుగో రోజుకు గానీ ఆసుపత్రికి వెళ్లడానికి సోమలింగానికి కాళ్లు రాలేదు. వార్డులో టీవీ నడుస్తున్నది. రెండు పార్టీలూ కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తున్నాయి. నిన్నటిదాకా తిట్టుకున్న నాయకులు ఒకరి నోట్లో ఒకరు మిఠాయి పెట్టుకుంటున్నారు.

గంగారాం భార్య కొమురవ్వ టీవీ వైపు చూపించింది. "చూసినవా అన్నా? గీళ్ల కోసమేనా మీరు మాట్లాడుకోనిది?"

సోమలింగం మంచం పట్టె పట్టుకొని తల వంచాడు. "బావా, నాడె ఎగురుతున్నదని నాకు ఎరుకే. చెప్పలె."

గంగారాం కట్టు లేని కంటిని అతని వైపు తిప్పాడు.

"నేనన్న అడిగితినా? రోజూ అడుగుతుంటి. గా ఒక్క రోజు అడగలె."

తిట్టి ఉంటే బాగుండేదని సోమలింగానికి అనిపించింది. కట్టు కట్టిన ఆ ముఖంలోకి చూడలేక గోడ వైపు తిరిగాడు. నాయకులు విడిపోతారు, కలుస్తారు, కుర్చీలు పంచుకుంటారు. పోయిన కన్ను ఏ ప్రభుత్వమూ తిరిగి ఇవ్వదు. ఓటు ఎవరికి వేసినా వేయవచ్చు గానీ, పక్కవాడి ప్రాణం కాపాడే మాటను ఏ పార్టీ కోసమూ నోట్లో దాచుకోరాదు.