నోరు మెదపకూడని కోచ్

గెరిట్ బోస్మా చేతికి పెన్సిలిస్తే ముందు దాన్ని చెక్కుతాడు. మొనను కిటికీ వెలుగులో పెట్టి చూసుకుంటాడు. నచ్చకపోతే మళ్లీ చెక్కుతాడు. మా ఊరి ఫర్నిచర్ ఫ్యాక్టరీలో జీవితమంతా కుర్చీల నమూనాలు గీసిన మనిషి అతను. అతని కుర్చీ బొమ్మ చూస్తే కూర్చోబుద్ధేస్తుంది. అలాంటి మనిషిని, గంట మోగేలోపు గబగబా బొమ్మలు గీసి సైన్సు మాటలు చెప్పించే పోటీకి కోచ్‌ని చేశారు మా బడివాళ్లు. ఆ గొప్ప ఆలోచన ఎవరిదో కనుక్కుందామని నేను చాలా ప్రయత్నించాను. ఎవరూ ఒప్పుకోలేదు.

నేను ఆ బడిలో లైబ్రేరియన్ని. పేరు లోర్నా. బడి వదిలాక సాధన లైబ్రరీలోనే కాబట్టి గంట కొట్టే పని నా నెత్తిన పడింది. గెరిట్ తప్పు చేసినప్పుడల్లా చెప్పే పని మాత్రం నేనే నెత్తికెత్తుకున్నాను. మేమిద్దరం చిన్నప్పుడు ఒకే బెంచీలో కూర్చున్నవాళ్లం. అతనికి తప్పులు చెప్పే హక్కు నాకు ఆ బెంచీ దగ్గరే వచ్చింది.

పోటీ పద్ధతి తేలికే. జట్టులో ముగ్గురు పిల్లలు. ఒకరు బోర్డు దగ్గరికెళ్లి చీటీ తీస్తారు. అందులో ఉన్న మాటకు బొమ్మ గీస్తారు. మిగతా ఇద్దరూ అదేమిటో చెప్పాలి. గీసేవాళ్లు మాట్లాడకూడదు, సైగ చెయ్యకూడదు, అక్షరం రాయకూడదు. మాట చెప్పేయగానే ఇంకో చీటీ. గంట మోగేలోపు ఎన్ని చెప్పిస్తే అన్ని మార్కులు.

మొదటి రోజు గెరిట్ తానే గీసి చూపిస్తానన్నాడు. చీటీలో ‘అగ్నిపర్వతం’ అని ఉంది. కొండ గీశాడు. కొండకు నీడ వేశాడు. కింద దేవదారు చెట్లు గీయడం మొదలుపెట్టాడు.

“కొండ!” అంది మరిసోల్. కుదురుగా కూర్చోవడం చేతకాని పిల్ల. “అడవి! మంచు! సెలవులు!”

గెరిట్ తల అడ్డంగా ఊపి ఇంకో చెట్టు గీశాడు. నేను గంట కొట్టాను.

“ఇంకా పొగ పెట్టలేదు లోర్నా,” అన్నాడు బాధగా.

“తాతా, అది పేలేలోపు మేం హైస్కూలుకి వెళ్లిపోతాం,” అంది నెల్. నెల్ అతని మనవరాలు. ఆ పిల్ల లేచి వెళ్లి ఒక త్రికోణం గీసి, దాని నెత్తిన వాంతి లాంటిదేదో గీకింది. మరిసోల్ ఒక్క అరుపులో చెప్పేసింది. గెరిట్ ఆ గీతలకేసి, కుక్క తన చెప్పు ఎత్తుకెళ్లినంత దిగులుగా చూశాడు.

మూడో పిల్లవాడు సైలస్. మాట తక్కువ. చెయ్యి మాత్రం బంగారం. ‘ఉభయచరం’ అని చీటీ వస్తే కప్ప గీశాడు. కాలివేళ్ల మధ్య చర్మం కూడా కనిపించింది. రెండో కాలు మొదలుపెట్టేసరికి గంట మోగింది. గెరిట్ మొహం వెలిగిపోయింది.

“చూశావా లోర్నా? ఆ కాలు చూడు. ఇప్పుడే గెంతేలా ఉంది.”

“గెంతి వెళ్లిపోయింది కూడా. మార్కు తీసుకుని.”

“బొమ్మ అందంగా గీస్తే తప్పా?”

“ఇక్కడ తప్పే. మనం గోడకు తగిలించడానికి గీయించట్లేదు.”

“నీకు బొమ్మంటే ఏంటో చిన్నప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు.”

“నీకు టైమంటే ఏంటో తెలీదు. నీ పెళ్లికి నువ్వే ఆలస్యంగా వచ్చావ్!”

పిల్లలు ముగ్గురూ వరసగా కూర్చుని, గెరిట్ కోటు జేబులోంచి కొట్టేసిన పిప్పర్‌మెంట్లు చప్పరిస్తూ మమ్మల్ని సినిమాలా చూశారు. అది మొదలు, ప్రతి సాధనకీ మా పోట్లాట ఒకటి ఉండాల్సిందే. లేకపోతే వాళ్లకు ఏదో లోటుగా ఉండేది.

కొన్నాళ్లకు నెల్‌కీ మరిసోల్‌కీ ఒక కొత్త విద్య పట్టుబడింది. ఏ మాటొచ్చినా గెరిట్‌నే గీయడం. ‘జడత్వం’ అని వస్తే, కుర్చీలో కూర్చుని లేవని గెరిట్. ‘నేల కోత’ అని వస్తే, గెరిట్ నెత్తి. నుదుటి మీది జుట్టు ఏటేటా ఎలా వెనక్కి జరిగిందో మూడు బొమ్మల్లో చూపించింది నెల్.

“నా బట్టతల మరీ అంత లేదు కదా?” అని అడిగాడు గెరిట్ నన్ను.

“అంతే ఉంది. పిల్ల మర్యాదకి నాలుగు వెంట్రుకలు ఎక్కువే వేసింది.”

కోపం నటించాడు గానీ, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకోవడం నేను చూశాను.

ఈ గోలలో సైలస్ నానాటికీ ముడుచుకుపోవడం మేం గమనించలేదు. ఒక సాయంత్రం కుర్చీలు సర్దుతూ నా దగ్గరికొచ్చాడు.

“మిస్ లోర్నా, నా బదులు ఇంకెవరైనా ఉంటే వీళ్లు గెలుస్తారు కదా?”

వెంటనే ‘అదేం లేదు నాయనా’ అనేద్దామనుకున్నాను. వాడి కళ్లు చూస్తే అబద్ధం నోట్లోంచి రాలేదు. వాడు వెళ్లాక గెరిట్‌తో చెప్పాను. ఆ రోజు మేం పోట్లాడుకోలేదు. గెరిట్ కోటుకి ఒక చెయ్యి తొడుక్కుని, రెండోది మర్చిపోయి అలాగే ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు పెన్సిళ్లన్నీ ఇంట్లో వదిలేసి, బొటనవేలంత లావు మార్కరు ఒకటి తెచ్చాడు. సైలస్‌ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో నా బొమ్మ చూసి మా మేస్త్రీ ఏమన్నాడో తెలుసా? ‘చాలా బాగుంది, మీ అమ్మకివ్వు. నాకు కుర్చీ కావాలి’ అన్నాడు. ఆ రోజు ఇంటికెళ్లి ఏడ్చాను.”

“మీరా?” అన్నాడు సైలస్.

“నేనే. మీ మిస్ లోర్నాకి చెప్పకు.”

నేను రెండు బల్లల అవతలే ఉన్నాను.

“ఇప్పుడు చెప్పు. కప్పలో ఏ గీత తీసేస్తే అది కప్పలా కనపడదు?”

సైలస్ చాలాసేపు ఆలోచించాడు. “వెనక కాలు. మడత.”

“అయితే అది ముందు గీయి. మిగతా కప్ప ఎక్కడికీ పోదు.”

అలా వారాల తరబడి కూర్చున్నారు ఇద్దరూ. చేప, మేఘం, ఎముక, వేరు. ఏ గీత లేకపోతే చేప చేప కాదో, మేఘం మేఘం కాదో వెతుక్కున్నారు. సైలస్ వేగం పెరిగింది. మరీ పెద్ద వేగమేం కాదు. కప్పకు మాత్రం రెండో కాలు గంట మోగేలోపే పడేది.

పోటీ వసంతంలో, యూనివర్సిటీ భవనంలో జరిగింది. కోచ్‌లు వెనక గోడకు ఆనుకుని కూర్చోవచ్చు. నోరు మెదిపితే మాత్రం నడుస్తున్న మాట రద్దు. దారి పొడుగునా గెరిట్ కారు నడుపుతూ దీన్నే వల్లించాడు.

“ఎవరూ కిక్కురుమనకూడదు. లోర్నా, నువ్వు దగ్గకూడదు కూడా.”

“నాకు దగ్గు లేదే?”

“వస్తే ఆపుకో.”

మొదట నెల్ గీసింది. బొమ్మలు చూడ్డానికి ఘోరం, మార్కులకు మాత్రం అద్భుతం. తర్వాత మరిసోల్. ఆఖరున సైలస్ వచ్చాడు. మొదటి రెండు మాటలూ మెల్లగానే అయినా తప్పు లేకుండా దాటించాడు. మూడో చీటీ తీసి చూసి ఆగిపోయాడు. మార్కరు గాల్లోనే ఉండిపోయింది. నా పక్కన గెరిట్ కుర్చీ అంచుకు జరిగాడు. నేను అతని కోటు పట్టుకుని వెనక్కి లాగాను.

సైలస్ ఒక్కసారి వెనక్కి తిరిగి మా ఇద్దరికేసి చూశాడు. బోర్డుకేసి తిరిగి, నెత్తిన నాలుగు వెంట్రుకలున్న గుండు, ఎదురుగా జుట్టు ముడి వేసుకున్న ఒక ఆడమనిషి తల గీశాడు. రెండు ముక్కులూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ముక్కుల మధ్య నిప్పురవ్వలు.

“కోచ్!” అని అరిచింది మరిసోల్. “మిస్ లోర్నా! పోట్లాట!”

“ఘర్షణ!” అంది నెల్.

గది గదంతా నవ్వింది. న్యాయనిర్ణేత అయిన అమ్మాయి కూడా నవ్వాపుకోలేక కాగితం అడ్డం పెట్టుకుంది. నా ముక్కు నిజంగా అంత పొడుగా అని నేనింకా తేల్చుకోకముందే సైలస్ ఇంకో చీటీ తీశాడు. ఈసారి క్షణం ఆలోచించలేదు. కింద చిన్న రాయి, దాని మీద ఏటవాలుగా ఒక్క గీత, గీత చివర పైకి లేస్తున్న బండ. మూడే మూడు గీతలు. బండ బరువు కూడా తెలుస్తోంది.

“అదీ! అదీ గీత అంటే!”

అరిచింది గెరిటే. అరవడమే కాదు, లేచి నిలబడ్డాడు కూడా.

అదే క్షణంలో నెల్ “మీట!” అంది. గంట మోగింది. అందరూ గెరిట్‌కేసి చూశారు. అతను మెల్లగా కూర్చుని రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. మూయాల్సిన టైము దాటిపోయింది.

“సారీ సర్,” అంది ఆ అమ్మాయి, నిజంగానే బాధపడుతూ. “ఆఖరి మాట లెక్కలోకి రాదు.”

ఆ ఒక్క మాటతోనే మొదటి స్థానం పోయి రెండోది వచ్చింది.

బయట వరండాలో గెరిట్ గోడకేసి తిరిగి నిలబడ్డాడు. తిట్టడానికి నా దగ్గర బోలెడు మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఆ వంగిన వీపు చూశాక వాటిని ఇంకో రోజుకి దాచుకున్నాను.

“తప్పు నాది పిల్లలూ. మీరు గెలిచినదాన్ని నేను పోగొట్టాను,” అన్నాడు.

“తాతా, ఇన్ని జట్లలో అరిచిన కోచ్‌వి నువ్వొక్కడివే,” అంది నెల్. “నీకు వేరే మెడల్ ఇవ్వాలి.”

“ఊరికే తప్పు నాదంటే సరిపోదు కోచ్,” అంది మరిసోల్. “ఐస్‌క్రీం. పెద్దది. చాక్లెట్ పోసింది.”

సైలస్ మాత్రం మెడలో వెండి రంగు మెడల్ తిప్పుకుంటూ నిలబడ్డాడు. కాసేపటికి అడిగాడు.

“కోచ్, లోపల ఏమని అరిచారు? నాకు సరిగ్గా వినపడలేదు.”

ఆ అరుపు పక్క గదిలో వాళ్లకూ వినపడి ఉంటుంది. గెరిట్ వాడికేసి తిరిగాడు.

“అదీ గీత అంటే, అన్నాను.”

“ఏమన్నారు?”

“అదీ గీత అంటే!”

ఈసారి గట్టిగానే అన్నాడు. వరండాలో వెళ్తున్న జట్లు ఆగి చూశాయి. సైలస్ చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకుని షూ లేసు కట్టుకోవడం మొదలుపెట్టాడు. అది అప్పటికే కట్టి ఉంది.

ఐస్‌క్రీం కొట్లో గెరిట్, సైలస్ మూలబల్ల దగ్గర కూర్చున్నారు. మూతి తుడుచుకునే కాగితం మీద వాడు కిటికీ అవతల రేవులో ఉన్న పడవను గీయసాగాడు. తాళ్లు, ముళ్లు, తెరచాప అంచున ఉన్న కుట్లు, అన్నీ. ఐస్‌క్రీం కరిగి బల్ల మీద పారింది.

“నీడ ఇటు పడాలేమో?” అన్నాడు గెరిట్.

“మీరు మాట్లాడకూడదు కోచ్,” అన్నాడు సైలస్ తలెత్తకుండానే.