స్వామి ఒక అంగుళం అన్నాడు

జానకీదేవి అన్నగారు ఆదినారాయణరాజు మొగల్తూరు నుంచి చుట్టపుచూపుగా వచ్చి, వాకిట్లో ఉన్న ఎర్ర కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ముందు చక్రం దగ్గర ఆగాడు. చక్రానికీ పైనున్న రేకు అంచుకీ మధ్య ఖాళీలో పిడికిలి పెట్టాడు. హాయిగా పట్టింది.

“ఏంటి బావగారూ, రేసు కారన్నారు. పంచె ఎగ్గట్టుకుని బోదె కాలవ దాటుతున్నట్టుందే?” అన్నాడు.

ఆ పూట నుంచి జానకీదేవి భర్త శ్రీనివాసరాజుకి అన్నం సయించలేదు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, పొద్దున్నే విష్ణు సహస్రనామం చదువుకునే మనిషికి, కారు పంచె ఎగ్గట్టితే ఏంటి, దింపుకుంటే ఏంటి? ఆ ప్రశ్న ఆయన కూడా వేసుకున్నాడు. వేసుకుని, వాకిట్లోకి వెళ్ళి, ఎవరూ చూడకుండా తన పిడికిలి పెట్టి చూసుకున్నాడు. పట్టింది.

కారు కొత్తదేం కాదు. విశాఖపట్నంలో ఓడ ఇంజనీరు ఒకాయన జపాను నుంచి తెచ్చుకుని, పిల్లలు పొడుగై వెనక సీట్లో కాళ్ళు పట్టక అమ్మేసిన బండి. రెండే తలుపులు. వెనక సీటు ఉందంటే ఉంది. అందులో మనిషి కంటే పూలబుట్ట సుఖంగా కూర్చుంటుంది. తొంభై తొమ్మిదిలో రాజుగారి రొయ్యల చెరువులు తెల్లమచ్చ తెగులు తప్పించుకుని నిలబడ్డాయి. పక్కవాళ్ళవి పోయాయి. పక్కవాడిది పోయి నాది నిలిస్తే స్వామికి దణ్ణం పెట్టడం సబబేనా అని ఆయనకి ఒక సందేహం ఉండేది గానీ, పెట్టకపోవడం అంతకంటే తప్పని అంతర్వేది నరసింహస్వామికి మొక్కుకున్నాడు. తరవాత ఈ కారు కొన్నాడు.

ఎందుకు కొన్నారంటే ఊళ్ళో వాళ్ళకి స్పీడు కోసం అని చెప్పాడు. అసలు కారణం ఎవరికీ చెప్పలేదు. పెళ్ళైన కొత్తలో జానకీదేవికి మాటిచ్చాడు, మనిద్దరమే అంతర్వేది వెళ్దామని. ఇరవై రెండేళ్ళలో చాలాసార్లు వెళ్ళారు. మొదటిసారి అమ్మా మేనత్తా వచ్చారు. తరవాత పిల్లలు, పిల్లల కోసం ఆయా, ఆయా కోసం ఆవిడ తమ్ముడు. అంబాసిడర్ కారుకి ఎంతమందినైనా కాదనని గుణం ఉంది. అందుకని, కాదనే కారు ఒకటి కొంటే తప్ప తన మాట నెగ్గదని ఆయనకి తట్టింది. ఇద్దరు మనుషులు గోదారి దాటడానికి సముద్రం దాటొచ్చిన కారు కావాలా, నరసాపురం బస్సుకి రెండు టిక్కెట్లు చాలవా అని ఆయన తనని తాను అడక్కపోలేదు. జవాబు వచ్చేలోపు కారు వచ్చేసింది.

జానకీదేవి మాత్రం ఒకటే మాట అంది. “నా మోకాళ్ళతో ఆ బండి నేనెక్కను. మీరు తిరగండి.”

భీమవరం రోడ్డులో సత్తియ్య షెడ్డు. సత్తియ్య ట్రాక్టర్లూ అంబాసిడర్లూ చూస్తాడు, రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే మోటార్లు బాగుచేస్తాడు. రేసు కారు తెలీదు. తెలీదని అతనికీ తెలీదు, రాజుగారికీ తెలీదు, అందుచేత ఇద్దరికీ బాగా పొసగింది.

“స్ప్రింగు కోసేద్దామండి. గ్యాస్ పెడితే ఒక చుట్టు రెండు నిమిషాల్లో ఊడొస్తుందండి,” అన్నాడు సత్తియ్య.

“కోసిన స్ప్రింగు మీద కూర్చుని దేవుడి దగ్గరికి ఎలా వెళ్తాం సత్తియ్యా? అంగవైకల్యం కదా.”

“ఆయ్. అదీ నిజమేనండి.”

దాంతో కోయంబత్తూరులో రేసు కార్లు కట్టేవాళ్ళకి ఫోన్ చేశారు. వాళ్ళు ఇంగ్లీషులో కాగితాలు పంపారు. రాజుగారు ఎస్సెల్సీ దాకా చదివిన ఇంగ్లీషుని దులిపి బయటకి తీశాడు. పొట్టి స్ప్రింగులు మూడు రకాలు ఉన్నాయి. ఒక అంగుళం దింపేది, ఒకటిన్నర దింపేది, రెండున్నర దింపేది. స్ప్రింగు పొట్టిదైతే దానికి తగ్గ పొట్టి షాకబ్జార్లు వెయ్యాలి, లేకపోతే పాతవి తొందరగా పాడవుతాయి. అడుగున ఉండే రబ్బరు బుడిపెలు కూడా చెక్కాలి. ఎంత దింపితే స్ప్రింగు అంత గట్టిగా ఉండాలి.

“గట్టిగా అంటే ఎంత గట్టిగానండి?” అని సత్తియ్య అడిగాడు.

“మా మేనత్త మనసంత.”

“అయితే కుదుపుతుందండి.”

ఎత్తు తిప్పుకునే రకం కూడా ఒకటుంది. మర తిప్పితే కారు లేస్తుంది, మళ్ళీ తిప్పితే దిగుతుంది. అన్నిటికంటే అదే మేలని కాగితంలోనే రాసుంది. కానీ ఏ రోజుకి ఆ రోజు ఎత్తు మార్చుకునేది నిలకడ లేని మనుషులకని ఆయన కొట్టేశాడు.

సత్తియ్య ఖాళీ కారు కింద పడుకుని టేపు పెట్టాడు. నేలకీ కారు పొట్టకీ మధ్య జానెడుకి బాగా తక్కువ ఉంది. రెండున్నర దింపితే బెత్తెడు మిగులుతుంది.

“ఎంతమంది ఎక్కుతారండి ఇందులో?”

“ఇద్దరమే,” అన్నాడు రాజుగారు. ఆ మాట అనడానికే ఆయన ఇంత దూరం వచ్చాడు.

“సామానండి?”

“ఒక కొబ్బరికాయ.”

“అయితే బెత్తెడు ధారాళమండి.”

అయినా మనసు ఊగింది. ఒక అంగుళం దింపితే బావగారి పిడికిలి పట్టదు గానీ రెండు వేళ్ళు పడతాయి. రెండున్నర దింపితే చిటికెన వేలు కూడా దూరదు. అంతటి విషయం మనుషులు తేల్చేది కాదని ఆయన దేవుడి గదిలో మూడు చీటీలు రాసి, మడిచి, నరసింహస్వామి పటం ముందు పళ్ళెంలో వేశాడు. కళ్ళు మూసుకుని ఒకటి తీశాడు. ఒక అంగుళం.

మొదటిది చెయ్యి శుద్ధి కోసం అనుకున్నాడు. ఆచమనంలో మొదటి ఉద్ధరిణె లాగా. మళ్ళీ మడిచి తీశాడు. ఒక అంగుళం.

చీటీ మడత పెద్దదై వేలికి తగులుతోందని మూడూ చింపి కొత్తవి రాశాడు. ఈసారి ఒకటిన్నర. స్వామి మనసు మారుతోంది, దారిలోకి వస్తున్నాడు, ఇప్పుడు ఆపితే సగంలో లేచినట్టవుతుంది. ఇంకొకటి తీశాడు. రెండున్నర. కళ్ళకి అద్దుకుని లేచాడు.

గుమ్మం పక్కన కనకాంబరాలు కడుతున్న జానకీదేవి తల ఎత్తకుండానే అంది. “స్వామికి ఇవాళ బాగా పని చెప్పారు.”

స్ప్రింగులు లారీలో వచ్చాయి. ఎర్రరంగు వేసున్నాయి, కారు కింద ఎవరికీ కనపడవు. బిగించాక కారు వాకిట్లో నిమ్మళంగా, చెరువులో గేదెలా దిగబడి నుంచుంది. రాజుగారు చక్రం దగ్గర వేలు పెట్టి చూశాడు. దూరలేదు. ఆ రాత్రి అన్నం సయించింది.

“జానకీ, కిందికి దించాను. నీ మోకాళ్ళ కోసమే. ఇంక ఎక్కడమనే మాటే లేదు,” అన్నాడు.

ఆవిడ ఆయన మొహం వైపు కాసేపు చూసింది. “నా మోకాళ్ళ కోసం కోయంబత్తూరు నుంచి స్ప్రింగులు తెప్పించారా?”

“మొక్కు కూడా ఉంది కదా. ఎల్లుండి స్వామి జన్మనక్షత్రం, స్వాతి. మనిద్దరమే.”

ఆ చివరి మాటకి ఆవిడ చేతిలో పని ఆగింది. “సరే,” అంది.

స్వాతి నాడు పొద్దున్నే జానకీదేవి పట్టుచీర కట్టుకుని తలుపు తీసి, కాస్త వెనక్కి వాలి, సీట్లో పడింది. నిజంగానే సులువు. పడిపోతే చాలు, ఎక్కక్కర్లేదు. లేవడం గురించి ఇద్దరిలో ఎవరూ ఆలోచించలేదు.

కారు గేటు దాటకముందే ముసలయ్య ఎదురొచ్చాడు, వీధి చివర కొట్టు అతను. చేతిలో రెండు కొబ్బరికాయలు. “అంతర్వేది వెళ్తున్నారంట కదండీ. మా కోడలి మొక్కండి. కాస్త స్వామికి కొట్టించండి.”

ఒకరి మొక్కు కాదంటే పాపం. కాయలు వెనక సీట్లోకి వెళ్ళాయి. ముసలయ్య వెనక ఇంకొకావిడ, ఆవిడ వెనక చెరువుల మీద పనిచేసే గంగయ్య. గంగయ్య పిల్లవాడికి జ్వరం తగ్గినందుకు ఏకంగా గంపెడు కాయలు మొక్కుకున్నాడు. ఒకాయన అరటిగెల తెచ్చాడు. ఇంకొకావిడ దీపాలకని నూనె డబ్బా. వీధి మలుపు తిరిగేసరికి కారు తోక నేలని ముద్దు పెట్టుకోబోయి మానుకుంది. అంబాసిడర్‌లో మనుషులు వచ్చేవారు. ఇందులో మనుషులు పట్టరు గనక మొక్కులు వచ్చాయి. సత్తియ్య టేపులో ఈ బరువు లేదు.

అయినా రోడ్డెక్కాక బాగుంది. కుదుపుతోంది, రాజుగారి పళ్ళు ఒకదానికొకటి తగులుతున్నాయి, గతుకు గతుకుకీ ఆయన నారాయణా అంటున్నాడు. జానకీదేవి మాత్రం కిటికీలోంచి చూస్తూ అంది. “వరి వెన్నులు మొహం ఎదురుగా ఉన్నాయండి. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుంటే ఇలాగే కనపడేవి. మళ్ళీ ఇంత కిందనుంచి చేను చూడలేదు.”

రాజుగారు ఆ గొప్ప అంతా స్ప్రింగులకి ఇద్దామా, తనకి తీసుకుందామా అని ఆలోచిస్తున్నాడు.

మొగల్తూరులో ఆగకుండా పోదామనుకున్నాడు. ఆదినారాయణరాజు రోడ్డు మీదే నుంచుని ఉన్నాడు. పక్కన బియ్యం బస్తా.

“స్వామి అన్నదానానికి బావగారూ. మీరు ఎలాగూ వెళ్తున్నారు కదా. రేసు కారు, మొయ్యదా ఏంటి?”

డిక్కీలో బస్తా పడగానే వెనక చక్రాలు సగం కనపడకుండా పోయాయి. బావగారు వంగి, పిడికిలి పెట్టబోయి, వేలు పెట్టబోయి, రెండూ మానేశాడు.

“పంచె మరీ దించేశారు. తడుస్తుందేమో చూసుకోండి,” అన్నాడు.

నరసాపురం రేవులో గోదారి పాటు మీద ఉంది. పోటున్నప్పుడు బండ్లని దాటించే పంటు రేవుకి సమంగా నిలబడుతుంది. నీళ్ళు తగ్గితే ఒడ్డు మీదనుంచి కిందికి దిగి, మళ్ళీ పంటు ఇనప పలక ఎక్కాలి. జీపు ఎక్కింది. పాలక్యాన్ల సైకిళ్ళు ఎక్కాయి. ఒక గేదె కూడా ఎక్కింది. రాజుగారి కారు ముందు చక్రాలు పలక ఎక్కాయి, వెనక చక్రాలు ఒడ్డు మీదే ఉన్నాయి, మధ్యలో పొట్ట పలక అంచు మీద ఆని కూర్చుంది. ముందుకి లేదు, వెనక్కి లేదు. చక్రాలు ఊరికే తిరిగాయి.

పంటు మీద టిక్కెట్లు కొట్టే భీమరాజు వచ్చి వంగి చూశాడు. “సామాను దింపాలండి.”

కాయలు దింపారు. గెల, నూనె డబ్బా, బస్తా దింపారు. రేవులో ఉన్న జనమంతా చుట్టూ చేరారు. మనుషులు చూడాలనే కదా కారు దించింది, చూస్తున్నారు. రాజుగారు దిగాడు. కారు ఒక వేలు మందం లేచింది.

“అమ్మగారు కూడా దిగితే వస్తుందండి,” అన్నాడు భీమరాజు.

జానకీదేవి తలుపు తీసింది. ఒక కాలు బయట పెట్టింది. సీటు అంచు పట్టుకుని ఒకసారి లేవబోయింది, మళ్ళీ లేవబోయింది. మోకాళ్ళు ఒప్పుకోలేదు. సీటు బావిలా ఉంది. చెయ్యిచ్చి లాగితే వస్తుందేమో గానీ, అంతమంది ముందు, పట్టుచీరలో, మొగుడు రెండు చేతులా లాగుతుంటే. రాజుగారు ఆవిడ మొహం చూశాడు. ఇరవై రెండేళ్ళకి ఇవాళ తనతో ఒక్కతే వచ్చింది. ఇప్పుడు దిగి ఏడిస్తే, లేక నవ్వులపాలైతే, ఇంకెప్పటికీ ఈ కారే కాదు, తనతో ఒంటరిగా ఎక్కడికీ రాదు.

ఆవిడ కాలు లోపలికి తీసుకుని తలుపు వేసుకుంది. అద్దం దించి చెప్పింది. “నేను దిగను. తొయ్యండి.”

“జానకీ...”

“నేనేం బియ్యం బస్తాని కాదు, దింపడానికి. తొయ్యండి.”

భీమరాజు చెక్కలు తెచ్చి చక్రాల కింద పెట్టాడు. జనం చేతులు వేశారు. రాజుగారు కూడా పట్టుపంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, బురదలో దిగి, వెనకనుంచి భుజం పెట్టాడు. ఎవరో గోవిందా అన్నారు. మిగతావాళ్ళు అందుకున్నారు. రథం కదిలినట్టు కారు ఒక జానెడు కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. లోపల జానకీదేవి ఒళ్ళో పూలబుట్ట పెట్టుకుని, నేరుగా ముందుకి చూస్తూ, ఉత్సవమూర్తిలా కూర్చుని ఉంది. పొట్ట కింద ఇనుము కీచుమంది. కారు పంటు మీదకి వచ్చి పడింది.

సామానంతా పంటు మీద ఒక మూల పోశారు. పంటు కదిలింది. రాజుగారు బురద కాళ్ళతో కారు పక్కన నిలబడ్డాడు. తల దించుకుంటే కారు కనపడుతోంది, ఎత్తితే జనం కనపడుతున్నారు. గోదారి వైపు చూశాడు.

“ఏమండీ,” అంది ఆవిడ లోపల్నుంచి. “మొదట వచ్చింది ఒక అంగుళం చీటీయే కదా?”

“చూశావా?”

“రెండోసారి కూడా.”

ఆయన ఎగ్గట్టిన పంచె దించుకున్నాడు. “పాత స్ప్రింగులు సత్తియ్య షెడ్డులోనే ఉన్నాయి. రేపే వేయించేస్తాను.”

“పాతవెందుకు? అప్పుడు చేను కనపడదు. ఒక అంగుళం రకం తెప్పించండి. స్వామి మాట.” పక్క సీటు తట్టి, “అలా నిలబడతారేంటి, వచ్చి కూర్చోండి. కాయలు లేవు, బస్తా లేదు. ఎవరూ లేరు,” అంది.

ఆయన అటువైపు తిరిగొచ్చి, తలుపు తీసి, సీట్లో పడ్డాడు. కారు మూలిగింది. లోపల కనకాంబరాల పక్కన బురద వాసన వేసింది. కిటికీ ఎత్తుకి సరిగ్గా పంటు కమ్మీ, కమ్మీ కింద నుంచి నీళ్ళు.

“అవతల రేవులో మళ్ళీ తొయ్యాలేమో జానకీ.”

“తోస్తారు లెండి,” అంది ఆవిడ. “మెల్లిగా పోనివ్వండి పంటుని.”

పంటు తన చేతిలో లేదని చెప్పబోయి, ఊరుకుని, స్టీరింగు మీద చేతులు పెట్టాడు.