మూడున్నరకి నీళ్ళు

పొయ్యిలో మంట భగభగమంటోంది. గది మాత్రం గడ్డకట్టుకుపోతోంది.

కోడలు కుట్టుమిషను దగ్గర్నుంచి లేచి, గోడకున్న ఇనుప పలక మీద మూడోసారి అరచెయ్యి ఆనించింది. పొద్దున తొమ్మిదింటికి చురుక్కుమన్న పలక ఇప్పుడు రాయిలా ఉంది.

"ఏమ్మా, ఇంకో రెండు దుంగలు పడెయ్యరాదూ?" పొయ్యి పక్కన కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్న అత్తగారు అంది. "ఒక పక్క కాలిపోతోంది, రెండో పక్క బిగుసుకుపోతోంది. పెనం మీది రొట్టెనయినా తిప్పేస్తారు. నన్ను తిప్పే దిక్కు లేదు."

"ఇప్పటికే ఐదు పెట్టానత్తయ్యా. ఎంత పెట్టినా మంట పొయ్యిలోనే ఉంటోంది. వేడి గదుల్లోకి రావట్లేదు."

"బూడిద బకెట్టు నిండి మూడు రోజులైంది. అది పారబోస్తే వస్తుందేమో."

ఆ మాట పొద్దుట్నుంచి నాలుగోసారి. కోడలు విననట్టు ఇంకో రెండు దుంగలు లోపలికి తోసి, పొయ్యి తలుపు వేసింది.

ఆ ఇంటికంతా వేడి పుట్టేది ఆ ఒక్క పొయ్యిలోనే. దాని వెనక, గోడలోకి బిగించి, పోత ఇనుప బాయిలరు ఉంది. అందులో కాగిన నీళ్ళు గొట్టాల గుండా గదుల్లోని పలకల్లోకి వెళ్ళి, చల్లారి, మళ్ళీ బాయిలరుకే వస్తాయి. నీళ్ళు తగ్గితే అటక మీది తొట్టి లోంచి వాటంతటవే దిగుతాయి. తొట్టికి నీళ్ళు వీధి గొట్టం నుంచి రావాలి. ఇవాళ ఆ వీధి గొట్టమే ఎండిపోయింది. తెల్లవారుజామున చలికి ఊరి పెద్ద గొట్టం నిలువునా చీలిందట. నీళ్ళ ఆఫీసులో ఫిట్టరుగా పనిచేసే భర్త ఐదింటికే సంచీ భుజాన వేసుకుని పరిగెత్తాడు. మధ్యాహ్నం ఫోనుకి కబురు పెట్టాడు: "మూడున్నరకి నీళ్ళు వదులుతాం. ముందు మన వీధికే. అమ్మకి చెప్పు."

చెబితే అత్తగారి మొహం వెలిగిపోయింది. "నా కొడుకంటే ఏమనుకున్నావ్!"

ఇప్పుడు టైము మూడు దాటి రెండు నిమిషాలు.

కోడలు చేతులు తుడుచుకుందామని స్నానాలగదిలోకి వెళ్ళి ఆగిపోయింది. గోడవారగా నాలుగు బకెట్లు, నిండా నీళ్ళు. పొద్దున ఖాళీగా బోర్లించి ఉన్నవే.

"అత్తయ్యా, ఈ నీళ్ళెవరు పట్టారు?"

కుర్చీ వైపు నుంచి కాస్త ఆలస్యంగా జవాబొచ్చింది. "మీ ఆయనే పట్టి ఉంటాడు. నాకెలా తెలుస్తుంది, కుర్చీ దిగితేగా?"

నిజమే. అత్తగారి తుంటికి ఆపరేషనై ఇరవై మూడు రోజులు. మనిషి ఆసరా లేకుండా అడుగు వేస్తే మళ్ళీ ఆపరేషను బల్ల ఎక్కాల్సిందేనని, ఆవిడ కొడుకు ఎదుటే, డాక్టరు గట్టిగా చెప్పాడు. కోడలు బకెట్లో చెయ్యి ముంచింది. నీళ్ళు ఎర్రమట్టి రంగులో, గోరువెచ్చగా ఉన్నాయి.

తెల్లవారుజామున పట్టిన నీళ్ళు మధ్యాహ్నం మూడింటికి గోరువెచ్చగా ఎందుకుంటాయి?

అప్పుడే పొయ్యి వెనక నుంచి 'టక్' మని చప్పుడు. కాసేపాగి మళ్ళీ టక్. ఎవరో గోడ అవతల నిలబడి వేలి కణుపుతో కొడుతున్నట్టు. దాని వెంటే ఘాటైన వాసన. కట్టెల వాసన కాదు. ఇస్త్రీపెట్టె మర్చిపోతే వచ్చే వాసన అది. బట్టలు కుట్టే మనిషికి ఆ వాసన తెలియకుండా పోదు. ఇనుము మాడుతోంది.

కోడలు ఫోను తీసి, పోయినేడు ఆ పొయ్యి బిగించిన మేస్త్రీకి కలిపింది. పలకల చల్లదనం, చప్పుడు, వాసన, మూడూ గబగబా చెప్పింది.

మేస్త్రీ గొంతులో తొందర లేదు. "బాయిలరు కింద నేల దగ్గర చిన్న కుళాయి ఉంటుంది చూడండమ్మా. మడ్డి కడగడానికి పెట్టింది. దాన్ని ఎవరైనా విప్పారా?"

"లేదండీ. ఎవరు విప్పు..." అంటూనే ఆమె కళ్ళు స్నానాలగది వైపు తిరిగాయి. "నాలుగు బకెట్ల నీళ్ళు పట్టి ఉన్నాయండీ. గోరువెచ్చగా."

ఈసారి వచ్చిన మేస్త్రీ గొంతు వేరే మనిషిదిలా ఉంది.

"అమ్మా, జాగ్రత్తగా వినండి. బాయిలరు వట్టిపోయింది. వట్టిది కాలితే కాలనీండి, పాడవుతుంది, అంతే. కానీ ఎర్రగా కాలినదాంట్లో చన్నీళ్ళు పడ్డాయంటే ఒక్కసారిగా ఆవిరై లేస్తాయి. పోత ఇనుము ముక్కలు ముక్కలుగా గదిలోకొస్తుంది. అవతలి ఊళ్ళో ఒకింట్లో ఇలాగే పొయ్యి తలుపు ఊడి ఎదురుగోడలో దిగబడింది. దారిలో ఓ కుర్చీ ఉంది. అందులో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది."

కోడలు పొయ్యి తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీని చూసింది. అత్తగారు దుప్పటి సర్దుకుంటోంది.

"మీ వీధికి నీళ్ళెప్పుడొస్తాయమ్మా?"

"మూడున్నరకి."

"ఇప్పుడెంతైంది?"

"మూడూ ఎనిమిది."

"మంట మీద నీళ్ళు మాత్రం చల్లకండి. పొయ్యిలోకి గాలి వెళ్ళే మూత బిగించండి. బూడిదుంటే నిప్పు మీద మందంగా కప్పండి. ఇంటి ముందు గుంటలో మీ గొట్టం కట్టే వాల్వు ఉంటుంది, అది కట్టెయ్యండి."

"దాన్ని తిప్పే పిడి మా ఆయన సంచీలో ఉంటుందండీ."

"అయితే అటకెక్కండి. తొట్టిలో బంతి వేలాడుతూ ఉంటుంది. అది పైకి లేస్తే నీళ్ళు ఆగుతాయి. దాన్ని పైకెత్తి కట్టెయ్యండి. ఒక్క చుక్క కిందికి దిగకూడదు. నేను బయల్దేరుతున్నా. కానీ మంచులో రెండు గంటలు పడుతుంది, నా కోసం చూడకండి."

భర్తకి ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. గుంటలోకి దిగేటప్పుడు ఫోను బండిలో వదిలేస్తాడు. తమ వీధికి ముందుగా నీళ్ళివ్వాలని ఈపాటికి మోకాళ్ళ లోతు బురదలో నిలబడి మరలు బిగిస్తూ ఉంటాడు. ఎంత త్వరగా బిగిస్తే అంత త్వరగా తల్లి మీదికి చావుని పంపిస్తాడు.

కోడలు వెళ్ళి కుర్చీ వీపు పట్టుకుని లాగింది. కుర్చీ రెండడుగులు వచ్చి తివాచీ అంచుకి తట్టుకుని మొరాయించింది.

"ఏంటే ఈ లాగుడు? మేస్త్రీ ఏమన్నాడు?"

కోడలు రెండు ముక్కల్లో చెప్పింది. అత్తగారు కోడలి మణికట్టు పట్టుకుంది.

"ఆ నీళ్ళు నేనే పట్టాను."

"మీరా? ఎలా?"

"నువ్వు కుట్టిన కోటు ఇచ్చి రావడానికి వెళ్ళావుగా, అప్పుడు. చేతికర్ర పట్టుకుని లేచాను. కుళాయిల్లో చుక్క లేదు, ఆ కింది కుళాయి విప్పితే ధారగా వచ్చింది. చిన్న గిన్నెతో పట్టి పట్టి పోశాను. ఇరవై మూడు రోజులుగా కుర్చీకి బరువు తప్ప ఇంట్లో నా పనేంటి? వాడికి చెబుతావని అబద్ధమాడాను." ఆమె కోడలిని నిచ్చెన వైపు నెట్టింది. "నన్ను లాగుతూ కూర్చోకు. ముందు పైకి పో!"

"మీరిక్కడుంటే..."

"బూడిద బకెట్టు ఇటు జరిపి పో!"

మూడు రోజులుగా తిట్లు తినిపించిన బకెట్టుని కోడలు కుర్చీ పక్కకి ఈడ్చింది. అత్తగారి చేతిలో చిన్న పార పెట్టింది. గాలి మూత బిగించింది. పొయ్యి తలుపు తీస్తే సెగ మొహాన కొట్టింది. లోపల, దుంగల వెనక, బాయిలరు గోడ కెంపు రంగులో మెరుస్తోంది. కోడలు అటక నిచ్చెన వైపు పరిగెత్తింది.

అటక మీద చలి ఎముకల్లో దిగింది. దూలాల మధ్య వంగి, ఫోను వెలుగులో తొట్టి మూత తోసింది. లోపల అడుగంతా పొడిగా ఉంది. కంచు కడ్డీ చివర గుండ్రటి బంతి తల వేలాడేసి ఉంది. అడుగున ఒక మూల బొటనవేలు పట్టేంత కన్నం. అందులో పడ్డదంతా నేరుగా బాయిలరుకే.

కట్టడానికేం లేదు. తాడు తేవడం మర్చిపోయింది. మళ్ళీ దిగబోతూ చెయ్యి మెడ మీదికి పోయింది. కొలత టేపు! పొద్దున్నే మెడలో పడితే రాత్రి పడుకునేటప్పుడు తీసేది. కడ్డీని పైకెత్తి, టేపుతో మూడు చుట్లు చుట్టి, దూలానికున్న మేకుకి బిగించి ముడేసింది.

ఫోనులో టైము మూడూ ఇరవై. ఇంకా పది నిమిషాలుంది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

గొట్టం దగ్గింది.

ముందు గాలి బుస్సుమంది. తర్వాత లోపల ఏదో గులకరాళ్ళు దొర్లినట్టు. భర్త చెప్పిన టైము కన్నా పది నిమిషాలు ముందే ఇంటికి నీళ్ళు పంపించాడు.

గొట్టం మొత్తం ఒక్కసారి అదిరింది. టేపు బిగిసింది, తెగలేదు. కానీ తొట్టిలోని పాత వాల్వు మూతి పూర్తిగా మూసుకోలేదు. దారమంత సన్నటి ధార ఒకటి జారి, తొట్టి అడుగున మెలికలు తిరుగుతూ కన్నం వైపు పాకింది.

ఆమె తల మీది ఉన్ని టోపీ ఊడబెరికి కన్నంలో కుక్కేలోపే గుప్పెడు నీళ్ళు దిగిపోయాయి.

కింద 'ధన్' మంది.

ఇల్లు కదిలినట్టయింది. దూలాల మీది దుమ్ము ఆమె జుట్టులో రాలింది. గొట్టంలో ఏదో బుసకొట్టి, మెల్లిగా ఆగిపోయింది.

"అత్తయ్యా!"

జవాబు లేదు.

"అత్తయ్యా! పలకండి!"

కిందికి పోవాలి. పోతే చెయ్యి తియ్యాలి. చెయ్యి తీస్తే టోపీ కదులుతుంది. ఇందాక పడింది గుప్పెడే. ధార మాత్రం ఆగట్లేదు, తొట్టి అడుగున అరంగుళం ఎత్తున చన్నీళ్ళు చేరాయి. అవన్నీ దిగితే ఇక చూడ్డానికి కింద గది కూడా మిగలదు. ఆమె మోకాళ్ళ మీద కూలబడి, భుజం దాకా తొట్టిలోకి వంగి, టోపీని అరచేత్తో అదిమిపెట్టి, ఏడుస్తూ చెవులు రిక్కించింది.

చాలాసేపటికి ఒక చప్పుడు.

గర్ర్.

పార బకెట్టుని గీరిన చప్పుడు. తర్వాత బూడిద మెత్తగా పడిన చప్పుడు. మళ్ళీ గర్ర్. మళ్ళీ మెత్తగా. మధ్యలో ఒక మూలుగు, ఒక దగ్గు. మళ్ళీ గర్ర్.

కోడలు ఆ చప్పుళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నలభై దాకా లెక్కపెట్టింది. మోచేతి దాకా నీళ్ళొచ్చాయి. వేళ్ళు తనవేనా అన్నది తెలియట్లేదు. ఇనుము టక్ టక్ మనడం మాత్రం దూరం దూరంగా జరిగింది.

నాలుగు కావస్తుండగా వీధి తలుపు తోసుకుని హుషారైన గొంతు వచ్చింది. "చూశావామ్మా! ఊళ్ళో అందరికన్నా ముందు మనకే! వచ్చాయా నీళ్ళు?"

"వీధి వాల్వు కట్టెయ్యి!" అటక మీంచి భార్య అరిచింది.

"ఇప్పుడే కదే వదిలింది!"

"కట్టరా ముందు!" ఈసారి తల్లి.

ఎందుకో అడిగే ధైర్యం అతనికి లేకపోయింది. సంచీలోంచి పిడి తీసుకుని వచ్చినదారినే పరిగెత్తాడు.

ధార సన్నబడి, చుక్కలై, నిలిచిపోయింది. అతను అటకెక్కి, భార్య చెప్పినట్టు ముందు తొట్టిలోని నీళ్ళు చెంబుతో తోడేశాడు. ఆ తర్వాతే ఆమె వేళ్ళని టోపీ మీంచి ఒక్కొక్కటిగా విడదీశాడు.

మేస్త్రీ వచ్చేసరికి చీకటి పడింది. ఇనుము చల్లారేదాకా ముట్టుకోనన్నాడు. ఆ రాత్రి అందరూ ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని వెనకగదిలోనే ముడుచుకున్నారు. పొద్దున్నే మేస్త్రీ బూడిద తోడి, లాంతరు లోపల పెట్టి చూపించాడు. బాయిలరు గోడకి పై నుంచి కింది దాకా బీట. పైన దారమంత, కింద వేలు దూరేంత.

"గుప్పెడు నీళ్ళకే ఇంత," అన్నాడు. "నిప్పు మీద బూడిద పడకపోతే, ఆ తొట్టి ధార ఆగకపోతే, మనం ఇక్కడ మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళం కాదు. ఇంతకీ ఆ కింది కుళాయి విప్పిందెవరు?"

కొడుకు భార్య వైపు చూశాడు. ఆమె ఏదో అనబోయింది.

"నేనే," అంది అత్తగారు. "లేచి, నడిచి, విప్పాను."

"నువ్వు లేచావా? డాక్టరేమన్నాడు?"

"అరిచెయ్, అరిచెయ్. పది నిమిషాలు ముందే వదిలిన ఘనుడెవరో అది కూడా డాక్టరుకి చెప్పు."

కొడుకు గబుక్కున తిరిగి మేస్త్రీకి లాంతరు పట్టాడు.

కోడలు కుర్చీ పక్కన కూర్చుంది. కుడి అరచెయ్యి ఇంకా నీలంగానే ఉంది. అత్తగారు ఆ చేతిని తన దుప్పటి లోకి లాక్కుంది. అత్తగారి కనుబొమ్మలు సగం కాలిపోయాయి. ముంజేతి మీద ఆవిరి తాకిన చోట బొబ్బలున్నాయి.

"అంతలా పిలిచాను," కోడలు మెల్లిగా అంది. "ఒక్క మాట పలకొచ్చుగా. నా ప్రాణాలు పోయాయి."

"పలికితే ఏడుపొచ్చేది," అంది అత్తగారు. "ఏడిస్తే పార ఆగిపోయేది."